ముందే చెల్లించిన మొక్కు

గడ్డ మంచిదేనని పెద్ద డాక్టరు చెప్పిన మర్నాడే రాజవ్వ యాటను కోయించింది.

ఆమెను తప్పు పట్టడానికి లేదు. ఆ నాడే ఊళ్ళో పోశమ్మ బోనాలు. సింగాయిపల్లెలో మొక్కిన యాటను, అది మేకైనా గొర్రైనా, బోనాల నాడే ఇవ్వాలి. ఆ రోజు తప్పితే మళ్ళీ ఏడాది దాకా ఆగాలి. కోడలు నర్సింహమ్మ తలనొప్పి పోతే నల్లయాటను ఇస్తానని రాజవ్వ ఎండాకాలంలో మొక్కింది. ఇప్పుడు కొడుకు మొగులయ్య పట్నం నుంచి వచ్చి, "క్యాన్సర్ కాదంటనే అమ్మా. మంచి గడ్డంట. కోసి తీసేస్తరంట," అన్నాడు. కల్లంలో తూర్పారబట్టిన వడ్లను కూడా ఇంట్లో పడేదాకా మనవి అనుకోని మనుషులు వాళ్ళు. డాక్టరు మాట దగ్గర మాత్రం ఆ తెలివి పని చేయలేదు. తీసేస్తారంటే తీసేసినట్టే అనుకున్నారు.

మొగులయ్య ఒక్కసారి నసిగాడు. "ఆపరేషన్ అయినంక ఇస్తే బాగుండునేమోనే."

"ఏడాది దాక తల్లి నోరు కట్టుకొని కూసుంటదారా? ఎవలికన్న కడుపు మాడ్చి పని చేయించుకుంటరా?" అంది రాజవ్వ. అంతే, ఆ మాట అక్కడితో ముగిసింది.

చుట్టాలు దిగారు. రాజవ్వ తమ్ముడు కిష్టప్ప జిన్నారం నుంచి రెండు కుండల కల్లుతో వచ్చాడు. ఆయన వచ్చిన ఇంట్లో నవ్వని వాళ్ళుండరు, నొచ్చుకోని వాళ్ళూ ఉండరు. వంటకాడ నిలబడి గంటె అందుకుని, "తలకాయ కూర ఎవలూ ముట్టకుండ్రి. ముందు నర్సిమ్మకు పెట్టాలె. తలకు తల ఇచ్చినం, చిన్న ముచ్చటనా?" అన్నాడు.

"నీ నోట్ల మన్నువడ. అది తినేదెట్ల?" అంది రాజవ్వ నవ్వాపుకుంటూ.

"తినాలె అక్కా. తింటెనే లోపలున్న గడ్డకు సోయి వస్తది. ఓహో, నా జాగల ఇంకొకడు వస్తున్నడు, ఇగ నేను లేవాలె అనుకుంటది."

నర్సింహమ్మ కూడా నవ్వింది. నవ్వితే తల వెనక పోటు వచ్చింది. అయినా ఆపలేదు. ఎండాకాలం మొదలు క్యాన్సరేమోనన్న భయం కడుపులో రాయిలా పడి ఉండింది. ఆ రాయి దిగిన రోజు అది. విస్తరి ముందు వంగినప్పుడు కళ్ళ ముందు బూడిద తెర దిగి మళ్ళీ లేచింది. ఎవరికీ చెప్పలేదు. ఇంకెన్ని రోజులుంటుందిలే అనుకుంది.

ఆ తెర ఆమెకు కొత్త కాదు. ఏడాదిగా వస్తూనే ఉంది. తలనొప్పి అంతకన్నా పాతది. అయితే ఆమె చేసే పనిలో తలనొప్పిని రోగమని ఎవరూ అనుకోరు.

వాళ్ళ పొలం వాగు పక్కనే ఉండేది. ఫ్యాక్టరీల నీళ్ళు కలిసి వాగు రంగు మారాక వరి కంకి పట్టడం మానేసింది. మొగులయ్య పటాన్‌చెరువులో ఇనుము కరిగించే ఫ్యాక్టరీలో చేరాడు. నర్సింహమ్మ ఇంజెక్షన్ సీసాల కంపెనీలో చెకింగుకు కుదిరింది. చెకింగు అంటే కళ్ళతో చేసే పని. ఎదురుగా సగం తెల్లగా, సగం నల్లగా ఉండే పలక ఉంటుంది, దానికి పైన ట్యూబులైటు. మందు నింపిన సీసాను మెడ పట్టుకుని తిప్పి, నల్ల పలక ముందు పెట్టి తెల్ల నూలుపోగు ఉందేమో చూడాలి. తెల్ల పలక ముందు పెట్టి నల్ల నలుసు ఉందేమో చూడాలి. బాగున్నవి ఎడమ ట్రేలోకి, బాగా లేనివి కుడి ట్రేలోకి. పొద్దంతా ఇదే పని. సాయంత్రానికి బల్ల మీదున్న ఆడవాళ్ళందరికీ తల పగిలిపోతుంది. చాయ్ టైముకు బయటికొచ్చి కణతలకు జండూబామ్ రాసుకుంటారు. కొత్తగా చేరిన పిల్ల తలనొప్పంటే పాతవాళ్ళు నవ్వుతారు, "వచ్చిందా? ఇగ నువ్వు పర్మినెంటే" అని.

అందుకే నర్సింహమ్మ తలనొప్పి అందరి తలనొప్పిలో కలిసిపోయింది. తన గడ్డను తను పెంచుకుంటూ ఆమె బల్ల ముందు రోజూ బామ్ రాసుకుంది. ఏడాదికొకసారి చెకింగు వాళ్ళకు కంటి పరీక్ష చేసే డాక్టరమ్మ కంపెనీకి వచ్చింది. అక్షరాలు గడగడా చదివిన నర్సింహమ్మ కంట్లోకి లైటు వేసి చూసింది. మళ్ళీ చూసింది. "జల్దీగా పట్నం పోయి తల స్కాన్ తీయించుకో అమ్మా" అని చీటీ రాసిచ్చింది.

అలా బయటపడింది గడ్డ. మంచి గడ్డ.

బోనాలైన వారానికి పెద్ద డాక్టరు త్రినాథరావు ఇంకొక స్కాన్ తీయించమన్నాడు. ఆయన గోదావరి వైపు మనిషి. నెమ్మదిగా మాట్లాడతాడు, చిరాకు పడడు. "కోసే ముందు దారి చూసుకోవాలి కదమ్మా. తలలో సిరలు ఎటు పోతున్నాయో చూసే స్కాన్ ఇది. మామూలుగా చేయించేదే," అన్నాడు. మొగులయ్య అది మిల్లుకు బస్తాలు తీసుకుపోయే ముందు మూతులు కుట్టుకోవడం లాంటిది అనుకున్నాడు. నర్సింహమ్మ స్కాన్ మిషనులో పడుకుని, ఆపరేషన్ అయ్యాక గుండు మీద జుట్టు ఎన్నాళ్ళకు వస్తుందోనని ఆలోచించింది.

ఫిల్ము వచ్చాక డాక్టరు దాన్ని లైటు పెట్టెకు తగిలించాడు. వెలిగే పలక ముందు దేన్ని పెట్టినా నర్సింహమ్మ కళ్ళు వాటంతట అవే పనిలోకి దిగుతాయి. నల్లటి ఫిల్ములో తల ఆకారం, అందులో తెల్లటి తీగలు. కుడివైపు లావుపాటి తెల్ల తీగ ఒకటి వంపు తిరిగి, నడుమ నొక్కుకుపోయి, మళ్ళీ కిందికి దిగింది. ఎడమవైపు అలాంటిది ఏదీ లేదు.

"ఈ పక్కకు లేదేంది సార్?" అంది.

"లేదమ్మా," అన్నాడు డాక్టరు. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. డాక్టర్లు కూర్చుంటే మంచిది కాదని ఆమెకు అప్పుడే తెలిసింది. "తలలోకి వెళ్ళిన రక్తం మళ్ళీ కిందికి దిగాలి కదా. దానికి వెనకాల రెండు పెద్ద సిరలుంటాయి, కుడిపక్కొకటి, ఎడమపక్కొకటి. మీకు ఎడమది పుట్టుకతోనే లేనట్టే. ఏదో దారప్పోగులా ఉంది. చాలామందికి అలా ఉంటుంది, వాళ్ళకి తెలియను కూడా తెలియదు, ఏ ఇబ్బందీ ఉండదు. కుడిది ఒక్కటే సరిపోతుంది. మీ గడ్డ ఆ కుడిదాని మీద కూర్చుంది. దాని గోడలోకి పాకింది."

మొగులయ్య భార్య వైపు చూసి, డాక్టరు వైపు చూశాడు. "మరి కోస్తరు గద సార్?"

"కోస్తే ఆ సిర మూసుకుపోవచ్చు. ఉన్న దారి అదొక్కటే. అది మూసుకుంటే రక్తం బయటికి పోలేక మెదడు ఉబ్బిపోతుంది. బల్ల మీదే ప్రాణం పోవచ్చు. లేదా మాటా, కాలూ చెయ్యీ పోవచ్చు. నేనైతే చెయ్యను. నాకన్నా పెద్దాయన్ని కూడా అడిగాను, ఆయనా అదే అన్నాడు."

"కొంచెం కొంచెం గీకి తీయరాదా సార్?"

"ఎంత తీసినా ఆ సిరను ముట్టుకోవాల్సిందే."

"తియ్యకపోతే?" ఈసారి నర్సింహమ్మ అడిగింది.

"ప్రాణానికి ఇప్పుడే ఏం కాదు. అది మెల్లగా పెరిగే రకం. కానీ ఆ సిర నొక్కుకుపోవడం వల్ల తలలో ఒత్తిడి పెరిగి కంటి నరాలు దెబ్బతింటున్నాయి. వంగితే మసక కమ్ముతోందన్నారు కదా, అదే."

"కండ్లు పోతయా?"

"మందులిస్తాను. కొన్నాళ్ళు ఆపొచ్చు."

"మంచి గడ్డ అంటిరి గద సార్."

"మంచిదేనమ్మా," అన్నాడు త్రినాథరావు. "ఇప్పటికీ అది మంచిదే."

కంటి డాక్టరు దగ్గరికి పంపారు. నరాలు అప్పటికే పాలిపోయాయని ఆయన అన్నాడు. నడుములోంచి పొట్టలోకి సన్నటి గొట్టం వేసి తలలోని నీటిని దించొచ్చట. దాంతో ఉన్న చూపు నిలిస్తే నిలవొచ్చు, నిలవకపోవచ్చు. గొట్టం మూసుకుపోవచ్చు, చీము పట్టొచ్చు. పోయిన చూపు మాత్రం తిరిగి రాదు. మొగులయ్య ప్రతి మాటకూ "గ్యారంటీ ఉందా సార్?" అని అడిగాడు. ఏ మాటకూ లేదు.

తిరిగొచ్చే బస్సు లింగంపల్లి దాటాక నర్సింహమ్మ అంది. "తలల గడ్డ, నడుముల గొట్టం. నన్ను బోరుబావి అనుకున్నరా ఏంది?"

మొగులయ్య నవ్వలేదు. అతని చేతిలోని ఫిల్ముల సంచి కిటికీ గాలికి టపటపా కొట్టుకుంటోంది.

"అత్తకేం చెప్తవు?" అంది ఆమె.

"ఏం చెప్పాల్నో నువ్వే చెప్పు."

చెప్పే తీరిక దొరకలేదు. పటాన్‌చెరువు బస్టాండులో దిగేసరికి కిష్టప్ప ఎదురొచ్చాడు. ఎరువుల దుకాణానికి వచ్చాడట. "ఏమాయెరా అల్లుడా? ఎప్పుడు కోస్తరు?" అని దూరం నుంచే అరిచాడు. పక్కన నలుగురు ఊరివాళ్ళున్నారు. నలుగురూ మొన్న ఆ యాట కూర తిన్నవాళ్ళే. మొగులయ్య నోటికి నిజం రాలేదు.

"కోసుడు లేదు మామా. మందులతోనే కరుగుతదన్నరు."

"సూసినవా! నేను చెప్పలేదా, తలకాయ కూరతోటి సగం లేచిపోయిందని!"

అబద్ధం అలా పుట్టింది. సగం నిజమే కనుక అది మరీ బలంగా పుట్టింది. మందులిచ్చింది నిజం. కోయనన్నది నిజం.

ఇంట్లో మాత్రం రాజవ్వకు ఉన్నదున్నట్టు చెప్పారు. ముసలామె గడప మీద కూర్చుని అంతా విన్నది. ఏడవలేదు. "ఇచ్చినంక మళ్ళ అడుగరాదు," అంది.

"మళ్ళ మొక్కుదాం అత్తా. ఇంకో యాట ఇద్దాం," అంది నర్సింహమ్మ.

"గట్ల కాదు బిడ్డా. పని కాకముందే మొక్కు ఇచ్చినం. తల్లి తిన్నది. ఇప్పుడు పని కాలేదంటే ఏంది? తల్లి మనకు బాకీ పడ్డట్టు. దేవునికి మనం బాకీ ఉండొచ్చు, ఏం కాదు. దేవుడు మనకు బాకీ ఉండొద్దు. గట్ల ఉన్న ఇల్లు నిలువదు." రాజవ్వ లేచి కొంగు దులుపుకుంది. "ఎవలకూ చెప్పకుండ్రి. పని అయ్యిందనే అనుండ్రి. తల్లిని బద్నాం జెయ్యకుండ్రి."

మొగులయ్యకు ఆ మాట నచ్చింది. నిజం చెప్పకుండా ఉండడానికి అతనికి ఒక మంచి కారణం దొరికింది. నర్సింహమ్మకూ ఒక కారణం ఉంది. తన కళ్ళ సంగతి కంపెనీకి తెలిస్తే ఆ బల్ల మీద కూర్చోనివ్వరు. ఆ బల్ల తప్ప ఆమెకు వచ్చిన పని వరి నాటు వేయడం ఒక్కటే. వాగు పక్క ఇప్పుడు నాటు ఎక్కడిది?

కనుక ఇల్లంతా కలిసి అబద్ధాన్ని సాకింది. "కరుగుతున్నదా?" అని అడిగేవాళ్ళు. "కరుగుతున్నది." దసరా నాటికి "కరిగిందా?" అని అడిగారు. "కరిగింది" అని రాజవ్వే చెప్పింది.

డాక్టరిచ్చిన మాత్రలు వేసుకుంటే వేళ్ళ కొసలు జుమ్మంటాయి. గోలీసోడా తాగితే చప్పగా, ఇనుము నాకినట్టుంటుంది. కొన్నాళ్ళు తెరలు తగ్గాయి. ఆ కొన్నాళ్ళు నర్సింహమ్మ తనూ అబద్ధాన్ని నమ్మింది. గడ్డ నిజంగానే కరుగుతుందేమో, స్కాన్ తీసినవాళ్ళు పొరబడ్డారేమో అనుకుంది. పత్తి తీసే రోజులు దాటాక చూపు అంచుల నుంచి మూసుకుపోవడం మొదలైంది. ఎదురుగా ఉన్నది కనబడుతుంది. పక్కనున్నది ఉండదు. గొట్టంలోంచి చూస్తున్నట్టు. ఇంటి ముందు నడుస్తుంటే మేక ఎదురొచ్చి కాలికి తగిలేదాకా తెలియలేదు.

ఊళ్ళో మాత్రం నర్సింహమ్మ తలగడ్డ కథ ఆమె కన్నా ముందే అందరి ఇళ్ళకూ వెళ్ళి వచ్చింది. యాట తినగానే గడ్డ కరిగిందట. పని కాకముందే ఇచ్చారు కాబట్టే తల్లి అంత సంబరపడిందట. అందులో ఒక లాజిక్కు ఉంది. ఎవరికైనా ముందే చేతిలో పెడితే పని జల్దీ అవుతుందని ఆఫీసుల్లో తిరిగిన ప్రతి రైతుకూ తెలుసు. పోశమ్మకు మాత్రం తెలియదా? ముందే ఇచ్చేదానికి బోనాల దాకా ఆగే పని లేదని కూడా తేల్చుకున్నారు. నడుము పట్టిన మనిషొకడు ముందే కోడిని కోశాడు. కడుపు పండని కోడలున్న ఇల్లు ముందే యాటనిచ్చింది. ఇచ్చే ముందు వాళ్ళు రాజవ్వ దగ్గరికొచ్చి ఎలా ఇచ్చారో అడిగేవాళ్ళు. రాజవ్వ చెప్పేది. మొదట్లో తల దించుకుని చెప్పేది. తర్వాత తర్వాత తల ఎత్తే చెప్పింది.

చెకింగు బల్ల మీద నర్సింహమ్మ కుడి పక్కన కూర్చునేది సోమమ్మ. అదే ఊరు, వరసకు మరదలవుతుంది. చలికాలం చివర ఒక రోజు చాయ్ తాగుతూ మెల్లగా చెప్పింది. "వదినె, నాకు రొమ్ముల గడ్డ తాకుతున్నది. కందిగింజంత ఉండె, ఇప్పుడు రేగ్గాయంత అయ్యింది."

"దవాఖానకు పో. ఆగకు."

"పోయిన. సూది గుచ్చి ముక్క తీస్తరంట. వచ్చే మంగళారం రమ్మన్నరు. భయమైతున్నది వదినె."

"భయపడకు. పో," అంది నర్సింహమ్మ. ఆ మాటతో తన పని అయిపోయిందనుకుంది.

ఆ రోజుల్లోనే సూపర్‌వైజర్ ముకుంద్ ఆమె వెనక వచ్చి నిలబడడం మొదలుపెట్టాడు. సంగారెడ్డి కిరాణా వ్యాపారుల పిల్లవాడు, మర్యాదస్తుడు. "ఏందమ్మా నర్సింహమ్మా, మంచివి గూడ కుడి ట్రేల పడేస్తున్నవు? రిజెక్షన్ మస్తు పెరిగింది నీది," అన్నాడు.

అది నిజం. సీసా తిప్పినప్పుడు నలుసు కనబడిందో, తన కంట్లో తెర ఆడిందో తెలియడం లేదు. తెలియనిదాన్ని ఎడమ ట్రేలో పెడితే అది ఎవరి నరంలోకి ఎక్కుతుందో. అందుకని అనుమానం వచ్చిన ప్రతి సీసానూ కుడి ట్రేలోకి నెట్టింది. రోజులు గడిచేకొద్దీ అనుమానం రాని సీసాలు తగ్గిపోయాయి.

"కొత్త లాట్ మంచిగ లేదు సార్," అంది.

"పక్కవాళ్ళకు గూడ అదే లాటు గదమ్మా," అన్నాడు ముకుంద్. పక్క బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు.

శుక్రవారం చాయ్ టైములో క్యాంటీన్ వెనక మెట్ల మీద సోమమ్మ వచ్చి ఆనందంగా ఆమె పక్కన కూర్చుంది. "మంగళారం దవాఖానకు పోతలేను వదినె. మా ఆయన హత్నూర సంతకు పోయి యాటను కొన్నడు. ముందే ఇద్దామనుకున్నం. మీరిచ్చినట్టు."

నర్సింహమ్మ చేతిలో చాయ్ గ్లాసు ఉంది. దాన్ని మెట్టు మీద పెట్టబోయింది. మెట్టు అంచు కనబడక గ్లాసు కింద పడింది.

"గట్ల చెయ్యకు సోమమ్మ."

"ఎందుకు? నీకు మంచిగ కాలేదా?"

చుట్టూ ఎవరెవరున్నారో చూడడానికి నర్సింహమ్మ తలను అటూ ఇటూ పూర్తిగా తిప్పాల్సి వచ్చింది. ఎవరూ లేరని తేల్చుకున్నాక చెప్పింది. "కాలేదు. నా గడ్డ కరగలే. ఎట్లున్నదో అట్లనే ఉన్నది. కోస్తే సస్తనన్నరు. కొయ్యకపోతే కండ్లు పోతయన్నరు. పోతున్నయి."

సోమమ్మ నవ్వింది. "నన్ను ఎందుకు పరేషాన్ చేస్తవు వదినె? పొద్దుగాల సంది నాతోటి సమానం సీసాలు చూసినవు. ఎవలి దిష్టన్న తాకుతదని గిట్లంటున్నవు, నాకు ఎర్కలేదా?"

గంట కొట్టారు. ఇద్దరూ లోపలికి వెళ్ళి టోపీలు, ముఖానికి గుడ్డలు కట్టుకుని బల్ల ముందు కూర్చున్నారు. నర్సింహమ్మ సీసా తీసింది, తిప్పింది, కుడి ట్రేలో పెట్టింది. ఇంకొకటి. అదీ కుడిలోకే. సోమమ్మ చేతులు ఆగిపోయాయి. పక్కనుంచి చెయ్యి చాపి నర్సింహమ్మ కుడి ట్రేలోంచి ఒక సీసా తీసి పలక ముందు పట్టుకుంది. నల్ల పలక, తెల్ల పలక. నీళ్ళలా తేటగా ఉంది. ఇంకొకటి తీసింది. అదీ తేటగానే ఉంది. మూడోది తీసి, చూడకుండానే తిరిగి పెట్టేసింది.

సాయంత్రం సోమమ్మ డ్యూటీ దిగాక గేటు దాటి, లారీలు వరసగా నిలబడ్డ రోడ్డు మీద ఆమె పక్కన నడుస్తూ అడిగింది. "అయితే యాట తిన్నదంత ఉత్తదే."

"ఉత్తదే. అందుకే చెప్తున్న. మంగళారం దవాఖానకు పో."

"నీది మంచి గడ్డ అన్నరు గద?"

"అన్నరు."

"మంచిదానికే వాళ్ళతోని ఏం కాలేదు. నాది చెడ్డదైతే ఏం జేస్తరు?"

"నాది వేరే సోమమ్మ. నాది తలల ఉన్నది, ఒక నరం మీద కూసున్నది. ఇంకో పక్క నరం నాకు పుట్టుకతోనే లేదంట. అందుకే కొయ్యరాదన్నరు. నీ రొమ్ముది కోస్తరు. మంచిగనే అయితది."

"నీకు ఆ నరం లేదని ముందే ఎర్కనా?"

"లేదు. కోసే ముందు స్కాన్ తీస్తే ఎల్లింది."

"మరి నాకు తీస్తే ఏమెల్తదో ఎవలికెర్క?" సోమమ్మ గొంతులో కోపం లేదు. బజార్లో ధర అడిగినట్టే అడిగింది. "తీయకముందు నీకు ఉత్త తలనొప్పే ఉండె వదినె. తిన్నవు, పన్నవు, నవ్వినవు. మొదట స్కాన్ తీసి గడ్డ అన్నరు. రెండోది తీసి నరం లేదన్నరు. మూడోది తీస్తే ఇంకేమన్న అందురు. ఏది అన్నా ఒక్కటన్న బాగు చేసిండ్రా?"

నర్సింహమ్మకు చెప్పడానికి చాలా ఉన్నాయి. స్కాన్ తీసినా తీయకున్నా ఆ నరం లేనే లేదని చెప్పొచ్చు. ఏడాది ముందే పోయి ఉంటే కళ్ళన్నా దక్కేవేమోనని చెప్పొచ్చు. కానీ ఏడాది ముందు వెళ్ళినా గడ్డ అక్కడే ఉండేది, ఎడమ పక్క అలాగే ఖాళీగా ఉండేది. ఆ ఖాళీని ఎవరూ పెట్టలేదు. ఫ్యాక్టరీ నీళ్ళు పెట్టలేదు, పోశమ్మ పెట్టలేదు. దాని మీద కొట్లాడడానికి గానీ, దాని కాళ్ళు పట్టుకోవడానికి గానీ ఎవరూ లేరు. సోమమ్మ అడిగిన దానికి ఆమె దగ్గర ఉన్న ఒకే ఒక్క సాక్ష్యం తన తలకాయ. ఆ తలకాయ సోమమ్మ మాటకే సాక్ష్యం చెబుతోంది.

"అందరికీ నా లెక్కనే కాదు సోమమ్మ," అంది చివరికి.

"యాట ఇచ్చినోళ్ళందరికీ నీ లెక్కనే అయితదని అనుకున్నంత సేపు నాకు పానం మంచిగుండె," అంది సోమమ్మ. "జెర ఆగి చెప్పకపోతివి. మంగళారం దాకన్న."

బస్సు వచ్చింది. ఎక్కేటప్పుడు సోమమ్మే ఆమె మోచేయి పట్టుకుని మెట్టెక్కించింది. ఆమెకు సీటు దొరికాక తను వెళ్ళి వేరే సీటులో కూర్చుంది.

ఇంటికి వెళ్ళి జరిగింది చెబితే రాజవ్వ కొట్టినంత పని చేసింది. "ఎవల కోసం చెప్పినవే? ఉన్న ముద్దను గూడ ఎత్తుకపోయి పారబోస్తివి గద." మొగులయ్య మాత్రం గొట్టం వేయించుకుందామా అని చాలా రోజుల తర్వాత మళ్ళీ అడిగాడు. నర్సింహమ్మ వద్దనలేదు, సరేననీ అనలేదు. "ఎంత మిగిలిందని ఆపుదాం?" అంది.

శనివారం పొద్దున ఆమె తనంత తానే ముకుంద్ దగ్గరికి వెళ్ళి, చెకింగు నుంచి తీసి అట్టపెట్టెలు మడిచే దగ్గర వేయమంది. ముకుంద్ ఎందుకని అడగలేదు. అడగకపోవడంలోనే అతనికి ఎప్పటి నుంచో తెలుసని ఆమెకు అర్థమైంది. "అక్కడ తక్కువ రోజులే పనుంటదమ్మా. సీజన్ లేకుంటే పిలువరు," అన్నాడు. సరే అంది. అట్టలు గీత మీద మడవాలి. గీత వేలికి తగులుతుంది కనుక చూడాల్సిన పని లేదు. కానీ ఆ గదిలో మాట్లాడేవాళ్ళు లేరు. అందరూ బీహార్ నుంచి వచ్చిన పిల్లలు. వాళ్ళు హిందీలో నవ్వుకుంటారు.

సోమవారం సోమమ్మ ఆమెకు ఎదురుపడలేదు. పడినా తనకు తెలియకపోయిందేమో. ఆ రోజంతా నర్సింహమ్మ అట్టలు మడుస్తూ ఒకే లెక్క వేసుకుంది. కోపంగా ఉన్నా పోతుంది. మొగుడు తిట్టయినా తీసుకుపోతాడు. రేపు ఈ వేళకు దవాఖాన బల్ల మీద ఉంటుంది.

మంగళవారం పొద్దున గేటు దగ్గర ఆడవాళ్ళ లైను ఎప్పటిలాగే మెల్లగా సాగుతోంది. వాచ్‌మన్ ఒక్కొక్కరి టిఫిన్ డబ్బా తెరిపించి చూస్తున్నాడు. నర్సింహమ్మకు ముందున్న మనిషి చీర మధ్యభాగం మాత్రం ఆకుపచ్చగా కనబడుతోంది. మనిషి కనబడడం లేదు. లైను కదిలింది, ఆమెకు తెలియలేదు.

వెనక నుంచి ఎవరో వీపు మీద మెల్లగా తట్టారు.

"జరుగు వదినె," అంది సోమమ్మ గొంతు. "టైమైతున్నది."